లారీ తిప్పి పంపమన్న ఇంజనీరు

శనివారం సాయంత్రం చింతామణి ఊరి శ్మశానంలో ఉన్నవారు: మా ఇంజనీరుగారి భార్య, ఇద్దరు కూతుళ్ళు, చెత్త ఎత్తే నగరసభ పౌరకార్మికులు దాదాపు అందరూ, టమాటా మండీ వ్యాపారులు కొందరు, చెత్తదిబ్బ పక్క ఊరినుంచి లక్ష్మమ్మ. బయట, పాట ఆపేసిన మూడు చెత్త ఆటోలు. మా పర్యావరణ ఇంజనీరు వెంకటరమణప్పగారు ఆ ఉదయమే మండీలో మాట్లాడుతూ కుప్పకూలిపోయారు. పక్కనే ఉన్న నేను ఇంకా నమ్మలేకపోతున్నాను.

ఆయన శిక్షణకు జర్మనీ వెళ్ళివచ్చారు. అక్కడ అరటితొక్క తప్పు డబ్బాలో వేస్తే, ఇల్లు అద్దెకిచ్చిన ముసలామె ఆయనచేతే మళ్ళీ తీయించిందట. "మా అమ్మ కూడా నన్నట్ల తిట్టలేదప్పా" అని నవ్వేవారు.

చెత్త కాల్చి కరెంటు తీసే యంత్రం మనమూ కొందామని నగరసభలో ఒక సభ్యుడు పట్టుబట్టినప్పుడు మాత్రం నవ్వలేదు. జర్మనీలో తడీ పొడీ ఇంట్లోనే వేరవుతాయి. కొలిమికి చేరేది ఎక్కువగా ఎండు సరుకు. మన లారీ నిండా కుళ్ళిన టమాటా, కూరగాయల తొక్కు, ఎంగిలాకులు. "యంత్రం తెచ్చుకుంటామప్పా. వాళ్ళ చెత్త యాడనుంచి తెస్తాము?" అన్నారు.

పోయిన వారం దిబ్బ గేటు దగ్గర ఊరివాళ్ళు లారీలను ఆపేశారు. కుళ్ళు నీరు వాళ్ళ బోర్లలోకి దిగుతోంది. లక్ష్మమ్మ ఒక సీసా ఆయన ముందుకు చాపింది.

"మా బోరు నీళ్ళివి. తాగుతావేమప్పా?"

పోలీసులు లాఠీలు సవరించుకుంటున్నారు. ఆయన మూత తీసి వాసన చూశారు.

"తాగనమ్మా. సోమవారం నుంచి తడి చెత్త ఎరువుకు పోతాది. ఏ లారీలో కనిపించినా తిప్పి పంపేయండి."

"నిన్ను నమ్మేదెట్ల?"

"నన్ను నమ్మొద్దు. లారీ ఎక్కి చూడండి."

వెనకనుంచి ఆ సభ్యుడు కసిరాడు: "ఎవర్నడిగి మాటిచ్చినావప్పా?"

"నా ముక్కునడిగి."

మాట తప్పితే గేటు మూతపడుతుంది, ఊరి చెత్తంతా వీధుల్లోనే కుళ్ళుతుంది. అందుకే ఇళ్ళూ హోటళ్ళూ తిరిగి, రెండు బుట్టలు పెట్టమని బతిమాలారు. చివరికి మిగిలింది మండీ. అక్కడివాళ్ళ జవాబు వినకుండానే పోయారు.

ఏ దేశపు యంత్రమైనా టెండరు వేస్తే దొరుకుతుంది. తన మాటను పరీక్షించే హక్కు ఎదుటివాళ్ళకే అప్పగించిన అధికారి మాకు మళ్ళీ దొరకరు. నాకు పని నేర్పిన ఆ చేతులకు నమస్కరిస్తున్నాను.

సోమవారం ఉదయం దిబ్బకు ఆరు లారీలు వెళ్ళాయి. లక్ష్మమ్మ ఒక్కొక్కటీ ఎక్కి చూసింది. లోపలికి వదిలినవి నాలుగు. తిప్పి పంపినవి రెండు, రెండూ మండీవే.