రెండు బావుల సముద్రం

కోస్గి దగ్గరి మా ఊళ్లో, మా గురువులు అనంతయ్య పంతులుగారు మొన్న మంగళవారం పరమపదించారు. ఈ వాక్యం రాయడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు. దుఃఖం కన్నా ముందు కోపం వస్తోంది. పటేలుకే లొంగని మనిషి జ్వరానికి లొంగడమేమిటి!

మా ఊళ్లో బావులు రెండు. మంచినీళ్ల బావి కాపులది, ఉప్పునీళ్ల బావి మా వాడది. మా నీడ కూడా మంచి బావి గట్టు మీద పడకూడదు. సర్కారు బళ్లలో ఉర్దూ తప్ప మరొకటి వినబడని ఈ రాజ్యంలో, పట్నంలో చదువుకొని వచ్చిన పంతులుగారు పటేలు ఇంటి అరుగు మీద బడి పెట్టి తెలుగులోనే శాస్త్రం బోధించారు. కాపుల పిల్లలు అరుగు మీద, మేము వాకిట్లో కూర్చునేవాళ్లం. సముద్రమంటే ఆయనకు ప్రాణం. యౌవనంలో ఒకసారి బందరులో చూశారట.

ఒకనాడు మా బావి నీళ్లను మోదుగుపూలతో మరిగించి, చిక్కబరిచి, చల్లార్చి గాజుతొట్టిలో పోశారు. వాటి మీద ఒక మోదుగాకు తేలవేసి, ఆ ఆకు మీదుగా మంచి బావి నీళ్లు మెల్లగా వంచారు. అడుగున ఎర్రనీరు, పైన తేటనీరు వేర్వేరుగా నిలిచాయి. తొట్టిని ఒకవైపు ఎత్తి దింపారు. పైతలం ఇంచుమించు కదల్లేదు గాని, లోపల రెండు నీళ్ల సరిహద్దున పెద్ద అల నిదానంగా లేచింది.

"చూసిండ్రా? సముద్రం లోపట గూడ గిట్లనే అలలుంటయి. అవి విరిగితేనే పైనీళ్లు, అడుగునీళ్లు కలుస్తయి. గా కలయిక లేకుంటే అడుగు సారం మీదికి రాదు, చేపకు తిండి దొరకదు" అంటూ తొట్టిని జోరుగా ఊపారు. అల విరిగి, సుడులు తిరిగి, నీరంతా ఒకే రంగైంది.

పటేలు మండిపడ్డాడు. "ఏం పంతులూ, ఆళ్ల నీళ్లు మా నీళ్లల్ల కలుపుతవా? అది గూడ నా అరుగు మీదనా?"

పంతులుగారు ఆ నీళ్లు దోసిట పట్టి గటగటా తాగారు. "జర ఉప్పగున్నయి పటేలా, గంతే!"

ఆనాడే బడి మా వాడకు వచ్చింది. మంచి బావి ఆయనకూ నిషిద్ధమైంది. "తప్పయిందను, నీళ్లు తోడుకో" అని పటేలు కబురంపాడు. "నీళ్లు వాటి గుణం కొద్ది కలిసినయి. నేనెందుకు తప్పంట?" అని పంతులుగారు తిప్పి పంపారు. బతికినంతకాలం మా ఉప్పునీళ్లే తాగారు. అబ్బ, ఎంత మొండితనం! ఆ మొండితనమే మాకు అక్షరభిక్ష పెట్టింది. నేడు ఆ బడిలో నేనే పాఠాలు చెబుతున్నాను.

జ్వరంలో మా అమ్మను పిలిచి చివరిగా ఒక్కటే కోరారు. "సాయమ్మా, నేను పోయినంక నాకు రెండు బాయిల నీళ్లు కలిపి తానం చేయించుండ్రి."

ఆయన పోయిన రోజు మంచి బావి గట్టున పటేలు అడ్డంగా నిలబడ్డాడు. అమ్మ బిందెతో ఎదురుపోయింది. వెనకాల వాడంతా నిలిచింది.

"జరుగు పటేలా! పంతులు తానానికి నీళ్లు గావాలె."

"ముట్టినవంటే బాయి పాడైతది!"

"ముట్టుకుంట. పాడైతదో లేదో నువ్వే సూడు."

పటేలు జరగలేదు. అమ్మ పక్కనుంచి పోయి చేద వేసింది. రెండు బావుల నీళ్లూ ఒకే గోలెంలో కుమ్మరించాం. ఈసారి ఆకు వేయలేదు.

పాఠం చెప్పేవారు ఎందరో ఉంటారు. చెప్పిన పాఠాన్ని తాగి చూపిన ఆచార్యుడు మాకిక దొరకడు. ఆ లోటు పూడేది కాదు. గురుదేవా, కన్నీళ్లతో సరిపెట్టి మిమ్మల్ని సాగనంపలేము. మరునాడు పొద్దున కూడా అమ్మ బిందె తీసుకొని ఆ బావికే పోయింది.