హైమవతి గారి సీపీయూ పూజ

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లే రోడ్డుకి వెనక సందులో మా అపార్ట్‌మెంటు. కింద రెండే ఫ్లాట్లు. ఒకటి మాది, ఎదురుగా ఉన్నది హైమవతి గారిది. కింది ఫ్లాటు ఎవరూ ఇష్టపడి తీసుకోరు. దోమలూ, డ్రైనేజీ కంపూ, పైవాళ్లు ఆరేసిన బట్టల నీళ్లూ అన్నీ మన నెత్తినే. అద్దె తక్కువని మేం దిగాం. ఆవిడ మాత్రం వెతికి వెతికి మరీ కింది ఫ్లాటే తీసుకుంది. కొడుకు భార్గవ్ చక్రాల కుర్చీలో ఉంటాడు. మెట్లెక్కలేడు.

వాడికి అప్పటికి ఇరవయ్యేళ్లు నిండబోతున్నాయి. కండరాలు కరిగిపోయే జబ్బు. చిన్నప్పుడే కాళ్లు పోయాయి. పంజాగుట్టలో ఒక పెద్ద డాక్టరు, పిల్లాడు వింటున్నాడన్న ఇంగితం కూడా లేకుండా, "కాళ్ల తర్వాత చేతులమ్మా, మందేం లేదు" అని చెప్పి పంపించేశాడు. ఆ మాట నాతో చెప్పినప్పుడు హైమవతి గారు ఏడవలేదు. ఏడుపంతా ఎక్కడ దాచుకుందో నాకిప్పటికీ తెలీదు.

ఆవిడది తణుకు దగ్గర. భర్త హనుమత్ప్రసాద్ గారు బేగంపేటలో ఒక ఆఫీసులో అకౌంటెంటు, మనిషి ఉన్నాడో లేడో తెలియనంత నెమ్మది. కంప్యూటర్ చదువులు జోరు మీదున్న రోజులవి. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు అమీర్‌పేటకొచ్చి, హాస్టళ్లలో పడుకుని, ఏదో కోర్సు చేసి ఉద్యోగాల్లో చేరిపోతున్నారు. భార్గవ్‌కీ ఏదైనా నేర్పిద్దామని ఈవిడ ప్రతి ఇన్‌స్టిట్యూటుకీ తిరిగింది. అన్నీ మేడల మీదే. లిఫ్టున్నచోట అది పనిచెయ్యదు. ఒకాయన ఎంతో ఉదారంగా, "ఎత్తుకుని తీసుకురండి మేడమ్, మాకేం అభ్యంతరం లేదు" అన్నాడట. హనుమత్ప్రసాద్ గారు కొన్నాళ్లు నిజంగానే ఎత్తుకుని తీసుకెళ్లాడు. చివరికి ఆయన నడుం పట్టేసింది. కోర్సు ఆగిపోయింది. కంప్యూటరే ఇంటికొచ్చింది.

కోర్సు సంగతి దేవుడెరుగు, వాడు ఆటల్లో పడ్డాడు. అయిదుగురు ఒక జట్టు, అవతల అయిదుగురు, మధ్యలో తుపాకులు. అందరూ ఎవరిళ్లలో వాళ్లు కూర్చుని కేబుల్ ఇంటర్నెట్ మీద ఆడుకుంటారు. చెవులకు హెడ్‌ఫోన్లు, నోటి దగ్గర మైకు. ఆ జట్టుకి వాడు కెప్టెన్. అటెళ్లండి, ఇటు రండి, ఆగండి అని వాడు అంటుంటే, ఎక్కడెక్కడో ఉన్న మగపిల్లలు నోరెత్తకుండా వినేవాళ్లు. వాడు నడవలేడని వాళ్లకి తెలీదు. చెప్పలేదు. ఆ గది గడప దాటితే వాడు నలుగురూ జాలిపడే పిల్లాడు, ఆ మైకులో మాత్రం కెప్టెన్. వాడికి ఈ లోకంలో ఉన్న ఆస్తి అదొక్కటే.

హైమవతి గారికి ఈ కాల్పులవీ అర్థం కావు. ఆవిడకి అర్థమైంది ఒకటే. ఆ సంవత్సరం దసరాకి అందరూ స్కూటర్లకీ మిక్సీలకీ ఆయుధపూజ చేస్తుంటే, ఈవిడ సీపీయూకి గంధం పూసి, బొట్టు పెట్టి, హారతిచ్చింది. మర్నాడు పొద్దున భార్గవ్ తన చొక్కా బొత్తాలు తనే పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత. ఇంకేముంది, ఆవిడ లెక్క కుదిరిపోయింది. వేళ్లు ఆడుతున్నది ఆ యంత్రం వల్ల, ఆ యంత్రం ఆడిస్తున్నది పూజ వల్ల. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం సీపీయూకి పూజే. ముందున్న జాలీకి కుంకుమ, పక్కన అగరొత్తులు, పైన చామంతులు, కర్పూర హారతి. కళ్లు మూసుకుని ఏదో గొణుక్కునేది. నేను మొదట్లో నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. వాడి చేతులు నిజంగానే నిలబడ్డాయి మరి.

వేసవి మొదలయ్యేసరికి ఆ పెట్టె మిక్సీలాగా రొదపెట్టడం మొదలుపెట్టింది. ఆట మధ్యలో తెరంతా రంగురంగుల చారలొచ్చి, బొమ్మ అలాగే బిగుసుకుపోయేది. బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు వేడెక్కిపోతోందని భార్గవ్ చెప్పాడు. ఈవిడ టేబుల్ ఫ్యాను పెట్టింది, విసనకర్రతో విసిరింది, తడిగుడ్డ కప్పబోతే వాడు గట్టిగా కేకేసి ఆపాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, పూజ వారానికి రెండుసార్లు చేసింది.

జట్టువాళ్లు ఊరుకుంటారా. గెలిచే సమయానికి కెప్టెన్ మాయమైపోతాడు, భయపడి కనెక్షన్ పీకేస్తున్నాడని ఒకడు ముఖం మీదే అనేశాడు. వచ్చే ఆదివారం కాకుండా ఆపై ఆదివారం ఒక పోటీ ఉంది. ఆ రోజు కూడా ఇలాగే అయితే వేరేవాణ్ణి పెట్టుకుంటామని తేల్చిచెప్పారు. ఆ మాట మాకు చెప్పేటప్పుడు భార్గవ్ గొంతు వణకడం నేను విన్నాను. ఇంతకుముందు డాక్టర్లు ఎన్ని చెప్పినా వాడి గొంతు వణకలేదు.

అభిలాష్ అని, అమీర్‌పేట మైత్రీవనం వెనక షాపులో కంప్యూటర్లు బాగుచేసే కుర్రాణ్ణి పిలిపించారు. వాడు మూత విప్పి, కార్డు బయటికి తీసి, కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూశాడు.

"గిదేంది ఆంటీ, లోపటంత ఎర్రగ గడ్డ కట్టింది?"

ఫ్యాను రెక్కల మధ్య, అల్యూమినియం పలకల మధ్య కుంకుమా, అగరొత్తుల బూడిదా, కర్పూరం మసీ కలిసి అట్టకట్టుకుని ఉంది. దానికి తోడు, బయట రోడ్డు మీద కడుతున్న ఫ్లైఓవరు దుమ్ము. ఒక ఎండిన చామంతి రేకు కూడా ఉంది.

"ముందర జాలీలకెల్లి గాలి గుంజుకుంటది ఆంటీ. గాలితోని కుంకుమ సుత పోయింది. కార్డుకు ఊపిరి ఆడుతలేదు, గందుకే బందైతుంది," అన్నాడు. తర్వాత ఆవిడ మొహం చూసి మెత్తబడ్డాడు. "పూజ వద్దంటలేను. జర దూరంకెల్లి చేసుకోండి. పొగ సుత తగలొద్దు."

శుభ్రంగా ఊది, తుడిచి, కొత్త ఫ్యాను వేసి వెళ్లాడు. పెట్టె చప్పుడు లేకుండా నడిచింది. హైమవతి గారు మాత్రం వంటింట్లో గోడకానుకుని నిలబడిపోయింది.

"దూరం నుంచి చేస్తే అందుతుందంటారా వదినగారూ?" అంది నాతో.

"కుర్చీకి చెయ్యండి, మైకుకి చెయ్యండి, ఎవరొద్దన్నారు?" అన్నాను చిరాగ్గా.

"అది కాదండీ. నేను ఆపేస్తే వాడి వేళ్లు ఆగిపోతాయేమోనని..."

ఈ మాట గదిలోకి వినపడింది. భార్గవ్ కుర్చీ తిప్పుకుని గుమ్మంలోకొచ్చాడు. "అమ్మా, ఆ ఆదివారం అయ్యేదాకా ఆపు. ఆ తర్వాత నీ ఇష్టం. నాకోసం" అన్నాడు. వాడు "నాకోసం" అని ఎప్పుడూ ఏదీ అడగడు. ఆవిడ సరేనంది.

ఆ శుక్రవారాలు ఆవిడ పడిన అవస్థ చూడలేకపోయాను. అగరొత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగి, ఆ గది దగ్గరికొచ్చేసరికి తలుపేసేది. కుంకుమ భరిణె పట్టుకుని మా ఇంటికొచ్చి కూర్చునేది, చేతిలో ఉంటే పెట్టేస్తానేమోనని. వాడు అన్నం తినేటప్పుడు ముద్ద వైపు చూడకుండా వేళ్ల వైపు చూసేది. నాకు ఒళ్లు మండేది. ఆవిడ మీద కాదు, ఆవిడకి ఇంతకన్నా వేరే మందేదీ మిగల్చని వాళ్ల మీద.

పోటీ రోజు మధ్యాహ్నం నన్నూ రమ్మంది. తోడుగా ఉంటే ధైర్యమట. ఆ గదిలో ఖాళీ ఎక్కడుంది? సీపీయూ పక్కనే ముక్కాలిపీట మీద సర్దుకున్నాను. నా మోకాలు ఆ రేకుపెట్టెకి ఆనుకునే ఉంది. హైమవతి గారు కుర్చీ వెనక నిలబడింది. ఆట నడుస్తోంది, బొమ్మ నీళ్లలా సాఫీగా కదులుతోంది, ఒక్క చార లేదు. భార్గవ్ మైకులో చెబుతుంటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వీడా మనం జాలిపడే పిల్లాడు అనిపించింది.

చివరికి వీళ్లలో భార్గవ్ ఒక్కడే మిగిలాడు. అవతల కూడా ఒక్కడే. ఆ అవతలివాడు ఎదురుగా, వీపు చూపిస్తూ మెల్లగా నడిచి వెళ్తున్నాడు. మీట నొక్కడమే తరువాయి.

భార్గవ్ నొక్కలేదు. నేను తెర మీంచి కళ్లు తిప్పి వాడి చేతి వైపు చూశాను. మౌసు మీద చూపుడువేలు ఉంది. వాడు దాన్నే చూస్తున్నాడు. మణికట్టు బిగుస్తోంది, మెడ నరం పొంగుతోంది, ఆ వేలు మాత్రం కదల్లేదు. తెర మీద అవతలివాడు తాపీగా వెనక్కి తిరిగి కాల్చాడు.

హెడ్‌ఫోన్లలోంచి అరుపులు నాకు కూడా వినపడ్డాయి. "కెప్టెన్, ఏమైంది భాయ్? ఎదురుంగనే ఉండె గదా!"

భార్గవ్ రెండో చేత్తో ఆ వేలిని మౌసు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "కార్డు వేడెక్కింది భాయ్. హ్యాంగైపోయింది. మీరు వేరేవాళ్లని చూస్కోండి" అని హెడ్‌ఫోన్లు తీసేశాడు.

వాడు తల్లి వైపు తిరగలేదు. పూజ ఆపడం వల్లే వేలు పోయిందని ఆవిడ బతికినన్నాళ్లూ అనుకుంటుందని వాడికి తెలుసు. అందుకే తెర వైపే చూస్తూ మళ్లీ అన్నాడు, ఈసారి ఆవిడ కోసం. "కార్డేనమ్మా. మళ్లీ వేడెక్కింది. అభిలాష్ సరిగ్గా చెయ్యలేదు."

నా మోకాలికి ఆ రేకు చల్లగానే తగులుతోంది. నేను తల దించుకున్నాను.

హైమవతి గారు ముందుకొచ్చి, వంగి, సీపీయూ మీద అరచెయ్యి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంచింది.

"అవున్నాన్నా, కాలిపోతోంది. చెయ్యి పెట్టలేకపోతున్నాను" అంది. అని, ఆ చెయ్యి తీసి నోటి దగ్గర పెట్టుకుని, ఉఫ్‌మని ఊదుకుంది.