తెగిన పోగు దగ్గర ఆగిన కాళ్లు

మా పెదనాయన పోయిన సోమవారం ఎమ్మిగనూరులో పోయినాడు. గుండె ఆగిందన్నారు. ఆయన కాళ్లు మాత్రం ఏడాది ముందే ఆగినాయి. ఆపింది నేను. ఈ సంతాప సభలో మీకు ఆ సంగతి చెప్పకుండా ఆయన్ను పొగిడితే అబద్ధమైతుంది.

నలభై ఏండ్లు గుంత మగ్గంలో కాళ్లు దించి తొక్కిన మనిషి. నాకు నేత నేర్పినాడు. కార్మిక సంఘానికి నేను రాసే కరపత్రాలు బిగ్గరగా చదివించుకొని, "బాగుందిరా, ఇందులో మనుషులు యాడుండారు?" అనేవాడు.

మోకాలు అరిగిపోతే ఆదోని ఆసుపత్రిలో కొత్త కీలు వేసినారు. "మళ్లా గుంతలోకి దిగుతానా అమ్మా?" అని ఒకటే అడిగినాడు. "మోకాలు బాగా వంగితే దిగుతావు పెద్దాయనా" అంది కాలికి కసరత్తు చేయించే ఫిజియో మేడం. వంచడానికి కండ్ల ముందర బొమ్మల లోకం చూపించే వీఆర్ అద్దాలు కట్టి ఆట ఆడించేది. కుర్చీలో కూచోని, ఎదురుగా వచ్చే బంతులను కాలు చాపి తన్నాల, మళ్లా మడవాల.

"ఒరే, ఈ అద్దాల్లో నాకు తెల్ల బూట్లు తొడిగినారు. పెండ్లికి గూడ తొడగల్యా!" నొప్పి మరిచి తన్నేవాడు.

బంతులు దారానికి గుచ్చినట్టు వరసగా వస్తాయి. ఒకటి తప్పితే దారం తెగుతుంది. నాకు ఆయన నేర్పిన మొదటి పాఠం: "పోగు తెగిందా, కాలు ఆపు." అందుకే ఆటలో దారం తెగినప్పుడల్లా కాళ్లు ఆపి, ముందుకు వంగి, గాలిలో వేళ్లతో ముడి వేసేవాడు. మార్కులు సున్న.

ఒక దినం అది చూసి ఆడ కూచున్న రోగులంతా నవ్వినారు. మేడం గూడ నవ్వింది. "కష్టజీవిని కోతిని చేసి ఆడిస్తాండారా!" అని అరిచి, ఆయన మొహం మీది అద్దాలు పీకి, బస్సెక్కించినాను.

బస్సులో మెల్లిగా అన్నాడు: "నన్నొక మాట అడిగింటే బాగుండు గదప్పా. నవ్వితే ఏమాయ? మోకాలు వంగుతాండె."

మళ్లా పోదామంటే, "ఆ పాపను అన్ని మాటలన్నాక ఏ మొహం పెట్టుకొని పోవాల?" అన్నాడు. నేను పోయి తప్పయిందని చెప్పింటే సరిపోయేది. పోలేదు. నాదే న్యాయమనుకున్నాను. ఇంట్లో వంచబోతే నొప్పికి తాళలేకపోయినాడు. మోకాలు బిగుసుకొనింది.

ఇంక గుంత గట్టునే కాలు చాపుకొని, నేను నేసేది చూసేవాడు. పోగు తెగితే నాకంటే ముందే ఆయనకు తెలిసేది. "ఆపు" అనేవాడు.

చివరి దినం మంచం మీద కండ్లు మూసుకొని ఉన్నాడు. చాపిన కాలు అట్లే ఉంది. రెండు వేళ్లు మాత్రం గాలిలోకి లేచి, దేన్నో వెదికి పట్టుకొని, మెల్లిగా మెలిపెడుతుండినాయి.