అయింకె అవ్వ పెట్టని గుడ్డు

మా అయింకె అవ్వ షాకీ ఊరి బస్సుల స్టాండులో నలభై ఏళ్లుగా ఉడికించిన గుడ్లు అమ్ముతోంది. నెత్తి మీద పళ్లెం, చేతిలో ఉప్పూకారం పొట్లం. జనాన్నెక్కించుకున్న లారీ కదిలినా వెంటపడి చిల్లర అందిస్తుంది. ఊరందరికీ గుడ్లు తినిపించిన ఈ మహాతల్లి ఇంట్లో పిల్లల నోట మాత్రం ఒక్కటీ పడనివ్వదు. చిన్నప్పుడు గుడ్డు రుచి మరిగినవాడు పెద్దయ్యాక దొంగవుతాడని మా వైపు నమ్మకం. అవ్వకది కళ్లారా చూసిన సంగతి. మా నాన్నకు ముద్దుగా రోజూ ఒకటి పెట్టిందట. ఆయనిప్పుడు జైల్లో ఉన్నాడు.

నేను చాటుగా ఎన్ని తిన్నానో ఇక్కడ రాయను. అనుమానం వస్తే అవ్వ నా నోరు వాసన చూసేది.

ఈ వానల్లో మూడేళ్ల తమ్ముడు అజాదికి మలేరియా వచ్చింది. మందులకు జ్వరం దిగింది గానీ వాడు లేవలేదు. అవ్వ పులిసిన మొక్కజొన్న గంజి పలచగా కాచి తాగించేది. చివరికి ఇద్దరం వాణ్ణి నర్సు దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వాడి జబ్బకు కొలత పట్టీ చుట్టి చూసి పెదవి విరిచింది.

"ఒంట్లో ఉన్నదంతా జ్వరమే తినేసిందమ్మా. గంజినీళ్లతో తిరిగి రాదు. గంజి చిక్కగా కాచి పామాయిల్ వెయ్యి. బొబ్బర్లు మెత్తగా ఉడికించి పెట్టు. రోజూ ఒక గుడ్డు. కొంచెం కొంచెంగా, ఆరుసార్లు."

"గుడ్డు తప్ప అన్నీ పెడతాను."

"పళ్లెంనిండా పెట్టుకుని అదేం మాట?"

"ఇంకో దొంగను పెంచే ఓపిక లేదు తల్లీ."

దారిలో నేను ఊరుకోలేదు. "మరి నేనో అవ్వా? నీ గుడ్లు తినేగా ఇంత దాన్నయ్యాను."

"అందుకేగా నువ్విలా తయారయ్యావు," అంది అవ్వ. నవ్వలేదు.

పది రోజులు బొబ్బర్లు పెట్టింది. వాడు రెండు ముద్దలకే తల తిప్పేసుకునేవాడు. పాదాలు ఉబ్బాయి. పదకొండో రోజు అవ్వ స్టాండుకు వెళ్లలేదు. గుడ్డు వలిచి, సగం వేళ్లతో మెదిపి, వాణ్ణి ఒళ్లో వేసుకుంది.

"తిను నాయనా. దొంగవైనా సరే. సంతంతా దోచుకురా, మూట నేను మోస్తాను."

వాడు నోరు తెరిచాడు. ముద్ద బుగ్గన పెట్టుకున్నాడు గానీ మింగలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు మళ్లీ కాలసాగింది.

నర్సు పెద్దాసుపత్రికి పొమ్మంది.

"పది రోజుల ముందే పెట్టుంటే?" అని అడిగింది అవ్వ.

నర్సు పట్టీ మడిచి జేబులో పెట్టుకుంది.

నలభై ఏళ్లు లారీల వెంట పరుగెత్తిన మనిషి, వాణ్ణి ఎత్తుకుని ఒక లారీ ఎక్కింది. నన్ను ఇంటి దగ్గరే ఉండమంది. గిన్నెలో సగం గుడ్డు అలాగే ఉంది. నేనది ముట్టలేదు.