సుజాత ఆంటీ మెట్టెలు

విన్నిపెగ్‌లో మా చిన్నప్పుడు... చలికాలం వచ్చిందంటే గుమ్మం దగ్గర తడి బూట్ల కుప్ప ఉండేది. సుజాత ఆంటీ బూటు విప్పి, సాక్సు లాగితే వెండి మెట్టెలు కనిపించేవి.

ఆంటీ పెళ్లి చేసుకుని కాకినాడ నుంచి మా పై ఫ్లోర్‌కి వచ్చింది. మా అమ్మను "అక్కా" అనేది.

ఆ మెట్టెలెందుకని ఓసారి అడిగాను.

"పెళ్లిలో సన్నికల్లు మీద నా కాలు పెట్టించి మీ అంకుల్ తొడిగారమ్మా... రాయిలా గట్టిగా ఉండాలని. ఆ వేలి నరం కడుపు దాకా వెళ్తుందట. పుట్టబోయే పిల్లలకి మంచిదని మా నాయనమ్మ చెప్పింది" అంది, పొట్ట నిమురుకుంటూ.

జనవరిలో ఆమె కాళ్లు బాగా వాచాయి. మెట్టె కింద వేలు నల్లబడింది. నూనె రాసినా, సబ్బు రాసినా ఊడిరాలేదు. ఆంటీ వద్దు వద్దంటున్నా అమ్మ క్లినిక్‌కి తీసుకెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. నర్సు చిన్న కట్టర్‌తో మెట్టెలు కోస్తుంటే ఆంటీ కళ్లు గట్టిగా మూసుకుంది.

"డెలివరీ అయ్యాక కొత్తవి తొడిగిద్దాంలే" అంది అమ్మ.

కొన్నాళ్లకే కడుపులో బిడ్డ కదలడం మానేసింది...

బీపీ వల్ల అలా జరిగిందని డాక్టర్లు చెప్పారు. అమ్మ చారన్నం కలిపి తీసుకెళితే, ఆంటీ గోడవైపు తిరిగి పడుకుని ఒక్క మాట అంది.

"మీరే కదక్కా తీయించారు."

అమ్మ గిన్నెతో అలాగే వెనక్కి వచ్చేసింది. తర్వాత ఆ మాట నలుగురికీ పాకింది. తెలిసినవాళ్ల ఇళ్లల్లో పెళ్లికూతుర్ని చేసేటప్పుడు ఎవరూ అమ్మను ముందుకు పిలవలేదు. వేసవిలో ఆంటీవాళ్లు వాంకూవర్ వెళ్లిపోయారు.

చాలా ఏళ్ల తర్వాత నా పెళ్లికి ఆంటీ వచ్చింది. పిల్లలు లేరు. కాళ్లకు మెట్టెలూ లేవు. వంటగదిలో అమ్మ చేయి పట్టుకుంది.

"ఆ రోజు ఎవరో ఒకర్ని అనకపోతే బతకలేననిపించిందక్కా... మీ తప్పేం లేదు."

అమ్మ మెల్లగా అంది.

"నేనూ నా వల్లేననుకున్నానే... ఇన్నేళ్లూ."

ఇద్దరూ ఏడవలేదు. స్టవ్ మీద పాలు పొంగుతుంటే ఆంటీయే వెళ్లి కట్టేసింది.

ఇప్పుడు నా ఫ్రెండ్స్ పెళ్లి ఫొటోలు అయిపోగానే మెట్టెలు తీసి డబ్బాలో పడేస్తున్నారు. అర్థాలు అడిగేవాళ్లే లేరు. నాకు కొంచెం దిగులుగానూ ఉంటుంది, కొంచెం ఊపిరాడినట్టూ ఉంటుంది...

మీ ఇళ్లలో మెట్టెలకి ఏం అర్థం చెప్పేవారు? ఆ అర్థం ఎవరి మెడకైనా చుట్టుకుందా? ఉంటే రాయండి... చదువుతాను.