డెల్బర్ట్ గారి తేలికబండి

అమెరికాలోని మినసోటాలో ఒక సరస్సు ఒడ్డున డెల్బర్ట్ హౌగెన్ కారు వెనక తగిలించుకుని తిరిగే తన ఫైబర్‌గ్లాస్ ట్రైలర్ ఇంటి తలుపు తెరిచాడంటే, దారినపోయేవాడి పని అయిపోయినట్టే. "ఒక్క అతుకు లేదు, చుక్క కారదు. ఒంటిచేత్తో తోయొచ్చు!" అంటూ ఆ తెల్లటి గుడ్డులాంటి బండిని దూడను నిమిరినట్టు నిమురుతాడు. బరువంటే ఆయనకు పగ. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేశాడు. భార్య మార్లిస్ ఇనప పెనాన్ని తూచి, ఇంట్లోనే వదిలెయ్యమన్నాడు. ఈసారి చక్రాలకు అడ్డం పెట్టే దిమ్మలు కూడా బరువేనని కనిపెట్టి, వాటినీ వదిలేసి వచ్చాడు.

కారు నుంచి ట్రైలర్ విప్పి, పక్క గుడారం వాళ్లకు దాని గొప్పలు చెబుతుండగా, అది ఆ ఒంటిచెయ్యి కూడా అక్కర్లేకుండా సరస్సు వైపు బయల్దేరింది. డెల్బర్ట్ "ఆగు, ఆగు!" అని దాన్ని బతిమాలుతూ నిలబడ్డాడు. మార్లిస్ కార్లోని దుప్పట్ల మడతలోంచి ఇనప పెనం లాగి, పరుగెత్తి చక్రం కింద తోసింది. నీళ్లకు జానెడు దూరంలో బండి ఆగింది.

"పెనం తేవద్దన్నానా?" అన్నాడు డెల్బర్ట్.

"అన్నావులేవయ్యా. తీసెయ్యమంటావా?"

డెల్బర్ట్ గుడారం వాళ్ల వైపు తిరిగాడు.

"చూశారా, ఎంత తేలికో! ఉత్త పెనం అడ్డం పెడితే ఆగిపోయింది!"