చెమటకాయలని చెప్పాను

ఈ బరువును ఇన్నేళ్ళుగా ఎలా మోశానో నాకే తెలియదు. అన్నం వార్చుతూ మోశాను, పిల్లలకు జడలు వేస్తూ మోశాను, దేవుడి ముందు దీపం పెడుతూ కూడా మోశాను. మా ఆయనకు చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే ఓపిక పట్టండి.

రాయపూర్ నుంచి విజయనగరానికి కొత్తగా రైలు పడిన రోజులవి. మేము బిలాస్‌పూర్‌లో రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా ఆయన షెడ్డులో ఫిట్టరు. మా గోడకు ఆనుకున్న క్వార్టరు నరసమ్మ వాళ్ళది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. పెళ్ళయిన చాలా ఏళ్ళకు ఆమెకు కొడుకు పుట్టాడు. అప్పన్న అని పేరు పెట్టారు. పుట్టువెంట్రుకలు సింహాచలంలో తీయిస్తామని మొక్కు. మగవాళ్ళకు సెలవు దొరకలేదు. పసివాడితో ఒక్కతీ రాయపూర్‌లో బండి మారలేనని నరసమ్మ భయపడింది. అదే దారిలో ఉన్న మా ఊరికి, నా చెల్లెలి పెళ్ళికి నేను పిల్లలతో వెళుతున్నానని తెలిసి, నీతో వస్తానంది. కోడలిని గడప దాటనివ్వని ఆమె అత్తగారు నన్ను చూసే ఒప్పుకుంది. ప్రయాణాలు తెలిసిన మనిషినట నేను.

తెలిసిన మాట నిజమే. ఎక్కడ నీళ్ళు బాగుంటాయో, ఏ స్టేషనులో బండి ఎక్కువసేపు ఆగుతుందో, పిల్లలకు ముందు ఏది పెట్టి తర్వాత ఏది పెట్టాలో అన్నీ తెలుసు. పులిహోర మూట, కూజా, పాత గుడ్డలు, బండిలో ఉయ్యాల కట్టడానికి మెత్తని చీర, అన్నీ నేనే సర్దాను.

బయలుదేరే రోజు ఉదయం నా కూతురు లచ్చికి నీళ్ళు పోస్తుంటే చెవి వెనక ఎర్రటి పొక్కులు కనిపించాయి.

అవేమిటో నాకు తెలియలేదని చెప్పుకోవచ్చు. ఎన్నోసార్లు నాకు నేనే అలా చెప్పుకున్నాను. అబద్ధం. కిందటి ఎండాకాలం నా పెద్దవాడికి తట్టు పోసింది. ముందు దగ్గు, తర్వాత ఎర్రబడ్డ కళ్ళు, తర్వాత చెవి వెనక మొదలై మొహం మీదికి దిగే పొక్కులు. లచ్చికి అప్పటికే దగ్గు ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒళ్ళు కాలుతోంది. గుమ్మానికి వేపరెమ్మ కట్టవలసిన దాన్ని. కట్టలేదు. కడితే క్వార్టర్ల లైనంతా తెలుస్తుంది, ప్రయాణం ఆగుతుంది.

మా నాన్న పోయినప్పుడు నేను పురిట్లో ఉన్నాను, చివరి చూపు దక్కలేదు. ఈ పెళ్ళీ తప్పిపోతే నాకు పుట్టిల్లు లేనట్టే అనిపించింది. ఇది నిజం. కానీ కొత్త చీర కట్టుకుని అందరి ముందూ తిరగాలన్న ఆశ కూడా ఉంది. ఆ రెంటిలో ఏది ఎక్కువ? ఇప్పటికీ తేల్చుకోలేను.

లచ్చికి పొడుగు చేతుల గౌను వేశాను. చెవుల మీదికి జుట్టు దువ్వాను.

బండిలో ఆడవాళ్ళ పెట్టెలో కూర్చున్నాక పిల్ల ఒకటే ఏడుపు. నరసమ్మ చేతులు చాచి ఒళ్ళోకి తీసుకుంది. జుట్టు పక్కకు తొలిగింది.

"ఏటక్కా, ఈ పొక్కులేటి?"

"చెమటకాయలే. ఈ ఎండకి మరేటవుద్ది."

"అచ్ఛా" అంది. అంతే, నమ్మేసింది. తన కొంగుతో లచ్చి మొహం తుడిచింది. అదే కొంగుతో అప్పన్న మూతి తుడిచింది. నేను కట్టిన ఉయ్యాలలో లచ్చి నిద్రపోయి లేచాక, ఆ గుడ్డలోనే తన బిడ్డను పడుకోబెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. గుడ్డ మారుద్దామని ఒక్క మాట అన్నా చాలు. అంటే, ఎందుకని అడుగుతుంది. అందుకని కిటికీ వైపు తిరిగాను.

పెళ్ళింట్లో లచ్చికి ఒళ్ళంతా పోసింది. దారిలో అంటుకుందని మా అమ్మకు చెప్పాను. వేపాకు పరిచి పడుకోబెట్టారు, తగ్గిపోయింది. ఆ ఊళ్ళో ఇంకెంతమంది పిల్లలకు అంటిందో నేను అడగలేదు.

మొక్కుకు మంచిరోజు కోసం ఆగిన వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళో అప్పన్నకు పోసింది. తట్టు తగ్గుముఖం పడుతుండగా ఆయాసం పట్టుకుంది. సింహాచలం చేరనేలేదు. ఆ పుట్టువెంట్రుకలతోనే పోయాడు.

నరసమ్మ ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. దారిలో అడ్డమైనవీ తినిపించి, మైల మనుషుల మధ్య కూర్చోబెట్టి, అమ్మవారికి కోపం తెప్పించిందని అత్తగారు లైనంతా వినేటట్టు తిట్టేది. ఒక మధ్యాహ్నం ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉండగా నరసమ్మ నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళ్ళింది.

"అక్కా, దారంతా నువ్వు నా పక్కనే ఉన్నావు. బిడ్డకి నా పాలు తప్ప నానేటీ పెట్టనేదని మా అత్తకి సెప్పు. నువ్వు సెప్తే ఇంటాది."

ఇద్దరూ నా మొహంలోకి చూశారు.

"నాకు గురుతు లేదమ్మా" అన్నాను. "నానప్పుడు కునికినాను."

ఎందుకలా అన్నాను? ఆమె ఏమీ పెట్టలేదని చెబితే నాకు పోయేదేముంది? అలా చెబితే, మరి జబ్బు ఎక్కడ అంటుకుందన్న ప్రశ్న వస్తుందనీ, వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తుందనీ భయపడ్డాను. ఆ భయానికి ఆమెను అప్పజెప్పేశాను. నరసమ్మ నా చెయ్యి వదిలేసింది. కోపంగా చూడలేదు. కాసేపు ఆలోచించి, "నానే ఏదో పెట్టుంటాను" అని తనలో తాను అనుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమెను పుట్టింటికి పంపలేదు. ప్రయాణం మాట ఎత్తితే చాలు, బిడ్డను చంపుకొచ్చిందన్న దెప్పే. తల్లి పోయిందని కబురొచ్చినప్పుడు కూడా పంపలేదు. గోడ అవతల ఆమె ఏడుపు వింటూ నేను కూర పొయ్యి మీద పెట్టాను. ఆ వేసవిలోనే రైల్వే పాసు తీసుకుని పిల్లలతో మా ఊరు వెళ్ళొచ్చాను. మళ్ళీ ఆమెకు పిల్లలు పుట్టలేదు.

నా లచ్చికి పెళ్ళయింది, దాని కడుపు పండింది. నరసమ్మ బతికే ఉంది. అత్తగారు పోయారు, భర్త రిటైరయ్యాడు, ఈ ఊళ్ళోనే దయాల్‌బంద్ పేటలో అద్దెకుంటున్నారు. నడిచి వెళ్ళేంత దూరమే. ఎన్నోసార్లు చెప్పులు వేసుకున్నాను. వెళితే ఏమంటుంది? తిడితే భరిస్తాను. తిట్టకుండా, ఇన్నాళ్ళూ తన తప్పేననుకున్నానని మాత్రం అంటే?

వెళ్ళలేదు. వెళతానని మీకు మాట ఇవ్వలేను, ఇంకొక అబద్ధం అవుతుంది. చెప్పవలసింది ఆమెకు, చెప్పింది మీకు. నా పిల్లకు తట్టు అని నాకు తెలుసు. తెలిసే బండి ఎక్కించాను. ఇది నా నోటి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. గుండెల మీద నుంచి ఏదో కాస్త జరిగినట్టుంది. ఆ హాయి కూడా నాకు దక్కవలసింది కాదు.